గౌటు వ్యాధి - ఆహార నియమము



ఈనాటి ప్రసంగ విషయము గౌటు వ్యాధి. ఈ పేరు వినని వారికి కూడ ‘యూరిక్ ఆసిడ్’ అను మాట ఇప్పుడు తెలియును. రక్తపరీక్ష కాగితములో ఆ అంకె హద్దు దాటినట్లు కనిపించగానే ఇంట వంట మారిపోవుచున్నది. కందిపప్పు మానివేయుదురు, పాలకూర మానివేయుదురు, చింతపండు, టమాటా, వంకాయ ఒకదాని వెంట ఒకటి వంటింటి నుండి వెడలిపోవును. విందులలోని మద్యము, శీతల పానీయము, మిఠాయి డబ్బా మాత్రము ఉన్నచోటనే ఉండును. మానవలసినది మానక, మాననక్కరలేనిది మానుట వలన రెండు నష్టములు కలుగుచున్నవి. వ్యాధి తగ్గదు; శరీరమునకు కావలసిన మాంసకృత్తులును అందవు. కాబట్టి ఏ ఆహారము ఈ వ్యాధిని పెంచును, ఏది నిర్దోషి, ఆహారము వలన కానిపని ఏది అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుట ప్రతి కుటుంబమునకును అవసరము.

ముందుగా వ్యాధి స్వరూపము. గౌటు సాధారణముగా నడివయస్సు పురుషులకు వచ్చును. స్త్రీలకు ముట్లు ఆగిన పిమ్మట వచ్చుట ఎక్కువ. మొదటి దెబ్బ చాలమందికి కాలి బొటనవ్రేలి మొదటి కీలునకు తగులును. రాత్రి ఏ బాధయు లేక పరుండినవాడు తెల్లవారుజామున భరింపరాని నొప్పితో మేల్కొనును. కీలు ఎఱ్ఱబారి, వాచి, నిప్పువలె వేడెక్కును. పైన దుప్పటి తగిలినను ఓర్వలేడు. కొన్ని రోజులకో, ఒకటి రెండు వారములకో బాధ దానంతట అదియే ఉపశమించును. ఉపశమించుటయే ఇందలి మోసము. రోగి వ్యాధి పోయినదని తలచును. మఱి కొన్ని నెలలకో, సంవత్సరములకో అది తిరిగి వచ్చును. ఉపేక్షించినచో మడమ, మోకాలు, చేతివ్రేళ్లు కూడ పట్టుబడును. చర్మము క్రింద సున్నపు ముద్దలవంటి గడ్డలు లేచును. కీళ్లు వంకరలు పోవును. మూత్రపిండములలో రాళ్లు ఏర్పడవచ్చును.

దీనికి మూలము యూరిక్ ఆమ్లము. ప్రతి జీవకణములోను ప్యూరీనులు అను పదార్థములు కలవు. పాత కణములు నశించునపుడును, తిన్న ఆహారము జీర్ణమైనపుడును ఈ ప్యూరీనులు విచ్ఛిన్నమై తుదకు యూరిక్ ఆమ్లముగా మారును. తక్కిన జంతువులలో పెక్కింటికి దీనిని ఇంకను కరగునట్టి పదార్థముగా మార్చు యూరికేజు అను ఎంజైము కలదు. మానవునికిని, అతనికి దగ్గరి బంధువులైన వాలములేని వానరములకును అది లేదు. పరిణామ క్రమములో లక్షల సంవత్సరముల క్రిందటనే నశించినది. అందువలన మానవుని రక్తములో యూరిక్ ఆమ్లము సహజముగానే ఎక్కువ. నూఱు మిల్లీలీటర్ల రక్తద్రవములో సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటినచో అది కరగియుండలేదు. అప్పుడు సూదులవంటి సన్నని స్ఫటికములుగా కీళ్లలో పేరుకొనును. శరీరము ఆ స్ఫటికములను శత్రువులుగా భావించి వాటిపై యుద్ధము సాగించుటయే ఆ మంటకును, వాపునకును కారణము. చల్లని భాగములలో స్ఫటికములు త్వరగా ఏర్పడును గనుక, గుండెకు దూరముగా నుండు కాలివ్రేలు మొదట బాధకు గురియగుననుట సమంజసమే.

ఈ జ్ఞానము ఒక్కనాటిది కాదు. క్రీస్తు పూర్వము 5వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు కాలము నుండియే ఈ వ్యాధి ప్రసిద్ధము. ఆంగ్లదేశపు వైద్యుడు తామస్ సిడెన్హామ్ తాను స్వయముగా దీనితో బాధపడుచు 1683లో దీనిపై గ్రంథము వ్రాసెను. 1776లో స్వీడనుదేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షీలే మూత్రాశయపు రాతినుండి యూరిక్ ఆమ్లమును వేరుచేసెను. 1797లో వొలాస్టన్ గౌటు గడ్డలలో ఆ ఆమ్లపు లవణమున్నదని చూపెను. 1848లో ఆల్ఫ్రెడ్ గారొడ్ రోగి రక్తములోనే అది అధికముగా ఉన్నదని నిరూపించెను. 1961లో అమెరికాలో మెకార్టీ, హాలండర్ అనువారు కీలులోని ద్రవమును ప్రత్యేక కాంతిలో సూక్ష్మదర్శినితో పరీక్షించి స్ఫటికములను గుర్తించు పద్ధతిని స్థాపించిరి. నేటికిని రోగనిర్ణయమునకు అదియే నిశ్చయమైన ఆధారము.

పాశ్చాత్య దేశములలో దీనిని రాజుల వ్యాధియని పిలిచిరి. మాంసము, మద్యము పుష్కలముగా లభించినవారికే అది వచ్చుచుండుట అందులకు కారణము. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1780లో తనకును గౌటునకును జరిగినట్లుగా ఒక సంభాషణ కల్పించి వ్రాసెను. అందులో వ్యాధియే వక్తయై, అతని తిండిని, నడక లేమిని, గంటల తరబడి సాగు చదరంగపు ఆటను ఎత్తిపొడుచును. భారతదేశములోను ఇట్టి భావన ప్రాచీనము. చరక సంహిత చికిత్సాస్థానము 29వ అధ్యాయములో వాతశోణితము, అనగా వాతరక్తము, వర్ణింపబడినది. దానికి ఆఢ్యవాతమను నామాంతరము కలదు, ఆఢ్యుడనగా ధనవంతుడు. మిష్టాన్నములు భుజించుచు సుఖముగా కాలము గడపువారికిని, నడక అలవాటు లేనివారికిని అది వచ్చునని ఆ గ్రంథము చెప్పుచున్నది. కారణములలో జలచరముల మాంసము, మద్యము, పగటినిద్ర, రాత్రి జాగరణము పేర్కొనబడినవి. వాతరక్తమును నేటి గౌటును సర్వవిధముల ఒక్కటేయని చెప్పరాదు. ఆ పట్టికలోని పెరుగు, మజ్జిగ, మినుములు, ఉలవలు నేటి పరిశోధనలలో దోషులుగా తేలలేదు. ఐనను మద్యము, మాంసము, వ్యాయామలోపము విషయములో పూర్వుల పరిశీలనకును నేటి లెక్కలకును పొత్తు కుదురుట గమనింపదగినది.

ఇక నేటి లెక్కలు. 2004లో ప్రకటింపబడిన ఒక అమెరికను పరిశోధనలో 47,150 మంది పురుషుల ఆహారపు అలవాట్లను 12 సంవత్సరములు పరిశీలించిరి. వారందఱును వైద్యరంగమునకు చెందిన వృత్తులవారు. ఆరంభమున గౌటు లేనివారు. ఆ కాలములో 730 మందికి క్రొత్తగా వ్యాధి వచ్చెను. మాంసము మిక్కిలి ఎక్కువగా తినిన ఐదవవంతు జనమునకు, మిక్కిలి తక్కువగా తినిన ఐదవవంతు జనము కంటె, వ్యాధి వచ్చు అవకాశము నూటికి 41 వంతులు అధికము. చేపలు, రొయ్యలు మొదలగు జలచరముల విషయములో ఆ ఆధిక్యము నూటికి 51 వంతులు. పాలు, పెరుగువంటివి ఎక్కువగా వాడినవారికి వ్యాధి అవకాశము నూటికి 44 వంతులు తగ్గెను. వెన్న తీసిన పాల విషయములో ఈ మేలు స్పష్టముగా కనిపించెను. ప్యూరీనులు ఎక్కువగా గల కూరగాయల వలన వ్యాధి పెరిగినట్లు కనిపించలేదు.

ఈ చివరి మాట తెలుగు గృహిణులు జ్ఞాపకముంచుకొనదగినది. పాలకూర, కాలీఫ్లవరు, పుట్టగొడుగులు, బఠానీలు, పప్పుధాన్యములు ప్యూరీనులు కలవియే. కాని పట్టికలో ప్యూరీను ఉన్నంతమాత్రమున రక్తములో అదే పరిమాణమున యూరిక్ ఆమ్లము పెరుగదు. సింగపూరులోని చైనా జాతీయులు 51,000 మందికి పైగా పాల్గొన్న పరిశోధన 2015లో వెలువడినది. సోయా, ఇతర పప్పుధాన్యములు ఎక్కువగా తినినవారికి గౌటు కొంత తక్కువగానే కనిపించినట్లు అందు తేలినది. శాకాహారికి పప్పు ముఖ్యాధారము. దానిని నిషేధించినచో ఆ స్థానమును అన్నమో, పిండివంటయో ఆక్రమించును, బరువు పెరుగును, బరువుతో యూరిక్ ఆమ్లమును పెరుగును. కాబట్టి కందిపప్పు, పెసరపప్పు, ఇడ్లీ, మినపరొట్టె, ఉత్తరాదిని అలవాటైన రాజ్మా మితముగా తినుటకు గౌటు ఒక్కటియే అడ్డుకాదు. మూత్రపిండముల జబ్బు గలవారికి మాంసకృత్తుల నియమము వేఱుగా ఉండును; వారు తమ వైద్యుని మాటను అనుసరింపవలెను.

పులుపును గూర్చియు ఒక అపోహ కలదు. యూరిక్ ‘ఆమ్లము’ అను పేరు విని, పులుపు తినినచో అది పెరుగునని భయపడువారు పెక్కురు. పేరునకును రుచికిని సంబంధము లేదు. చింతపండు చారు వలన కీలులో స్ఫటికము పుట్టదు. నిమ్మ, ఉసిరి, జామ మొదలగువాటిలోని సి విటమిను మూత్రము ద్వారా యూరిక్ ఆమ్లము పోవుటకు కొంత తోడ్పడును. ఐతే ఈ తోడ్పాటు స్వల్పము; సి విటమిను బిళ్లలు మ్రింగి గౌటును జయింపవచ్చునని భావింపరాదు. కాఫీ ప్రియులకు ఒక శుభవార్త: దినమునకు నాలుగైదు కప్పులు త్రాగు పురుషులకు, కాఫీ త్రాగనివారి కంటె, గౌటు అవకాశము నూటికి 40 వంతులు తక్కువయని 2007లో ఒక పరిశోధన చూపెను. ఇది కాఫీని మందుగా త్రాగుటకు అనుమతి కాదు. నిద్రకును, రక్తపోటునకును దాని వలన కలుగు చిక్కులు ఉండనే యున్నవి. ప్రతి కప్పులో రెండేసి చెంచాల పంచదార పడినచో లాభము నష్టమగును.

మాంసాహారులు తెలిసికొనవలసినది జంతువు ఏదియను దానికంటె భాగము ఏదియనునది. కార్జము, మూత్రపిండములు, మెదడు వంటి అవయవములలో ప్యూరీనులు మెండు. వీటిని గౌటు గలవారు పూర్తిగా మానుట మేలు. మాంసము, నెత్తళ్లు, రొయ్యలు, ఎండుచేపలు పరిమితము చేయవలెను. మాంసమును చాలసేపు ఉడికించినపుడు ప్యూరీనులలో కొంతభాగము నీటిలోనికి దిగును గనుక చిక్కని మాంసరసము త్రాగుట మంచిది కాదు. కోడిగ్రుడ్లలో ప్యూరీనులు మిక్కిలి తక్కువ. మాంసము తగ్గించినవారికి అవి మంచి ప్రత్యామ్నాయము. ఆదివారము మాత్రమే మాంసము వండు ఇంటిలో ఆ వంటను నిషేధింపనక్కరలేదు. ఒక పూట మూడుమారులు వడ్డించుట, మరునాడు మిగిలినదానిని ముగించుట మానినచో చాలును.

మద్యము సంగతి వేఱు. అది రెండు విధముల హాని చేయును: శరీరములో యూరిక్ ఆమ్లపు ఉత్పత్తిని పెంచును, మూత్రపిండములు దానిని బయటకు పంపకుండ అడ్డగించును. బీరులో వీటికి తోడు ప్యూరీనులును కలవు. 2004లోనే వెలువడిన మఱొక పరిశోధన ప్రకారము దినమునకు ఒక్కొక్క బీరు, అనగా సుమారు 350 మిల్లీలీటర్లు, చొప్పున గౌటు అవకాశము నూటికి 49 వంతులు పెరిగెను. విస్కీ, బ్రాందీవంటి తీవ్ర మద్యముల విషయములో ఒక్కొక్క పాత్రకు 15 వంతులు పెరిగెను. ద్రాక్షసారాయము వలన ఆ పరిశోధనలో చెప్పుకొనదగిన పెరుగుదల కనిపించలేదు. కాని వ్యాధి ఇదివరకే ఉన్నవారిలో ఏ మద్యమైనను తిరుగుదెబ్బను రప్పింపగలదని 2014 నాటి పరిశోధన చూపెను. తాటికల్లు, ఈతకల్లు చెట్టు నుండి వచ్చినవే కదా, హాని లేదని కొందఱు వాదింతురు. పులిసిన కల్లులో మద్యమును కలదు. దానిని పులియబెట్టిన ఈస్టు కణములును కలవు. చెట్టున పుట్టినంత మాత్రమున అది గౌటు రోగికి పథ్యము కాజాలదు.

తీపిని గూర్చి పూర్వ వైద్యులకు తెలియని విషయమొకటి నేడు తేలినది. పంచదారలో సగభాగము ఫ్రక్టోజు అను చక్కెర. కాలేయములో ఫ్రక్టోజు వేగముగా ఖర్చగునపుడు కణములలోని శక్తిద్రవ్యము తరిగిపోయి, ఆ తరుగు యూరిక్ ఆమ్లముగా మారును. చక్కెరలలో ఈ స్వభావము దీనికి విశేషము. దినమునకు రెండు లేక అంతకు మించి తీపి శీతల పానీయములు త్రాగు పురుషులకు, నెలకు ఒకటియైనను త్రాగనివారి కంటె, గౌటు అవకాశము నూటికి 85 వంతులు అధికమని 2008 నాటి పరిశోధన తెల్పుచున్నది. సీసాలలోని పండ్లరసములును ఇట్టివే. బెల్లము, తేనె కూడ ఈ విషయములో పంచదారకు దగ్గరివే. మద్యము ముట్టని శాకాహారి, మాంసము ఎఱుగని ఇంటివాడు, తనకీ వ్యాధి ఎందులకు వచ్చెనని ఆశ్చర్యపడినపుడు పళ్లెముతోపాటు గ్లాసును కూడ పరిశీలింపవలెను. పండును పండుగా తినుటకు అభ్యంతరము లేదు; పీచుతోడి పండు మెల్లగా జీర్ణమగును, పరిమితము దానంతట ఏర్పడును.

ఏమి తినుచున్నామనునది యెంత ముఖ్యమో, ఎంత తినుచున్నామనునదియు అంత ముఖ్యము. స్థూలకాయము గౌటునకు గొప్ప తోడు. బరువు తగ్గినచో యూరిక్ ఆమ్లము తగ్గును. ఐతే తగ్గించుట క్రమముగా జరుగవలెను. కఠినోపవాసము చేసినపుడు శరీరము తన క్రొవ్వును కరగించుకొనును. అప్పుడు పుట్టు కీటోనులు మూత్రపిండములలో యూరిక్ ఆమ్లమునకు దారి ఇయ్యవు. అందువలన ఏకాదశినాడు నిర్జలోపవాసము, ద్వాదశినాడు భూరి భోజనము గౌటు గలవారికి అనుకూలము కాదు. నీరు తగ్గుటయు అట్టిదే. ఢిల్లీ, నాగపురముల వేసవి ఎండలో పనిచేయువారును, రెండురోజుల రైలు ప్రయాణములో స్వగ్రామమునకు పోవుచు మాటిమాటికి లేవవలసివచ్చునని నీరు త్రాగని పెద్దలును ఈ ప్రమాదమునకు గురియగుదురు. పెండ్లికి బయలుదేరిన పెద్దమనుష్యుడు పెండ్లిలో కాలు క్రింద పెట్టలేకపోవుటకు ప్రయాణపు దప్పిక, విందు, నిద్రలేమి మూడును కలిసి కారణమగుట వైద్యులు తఱచు చూచు విషయమే. మూత్రపిండములు, గుండె బాగుగా ఉన్నవారు నీరు, పలుచని మజ్జిగ ధారాళముగా త్రాగవలెను.

ఇంతవరకు ఆహారము చేయు పని. అది చేయలేని పనిని కూడ చెప్పనిచో ఈ ప్రసంగము రోగులకు అన్యాయము చేసినట్లగును.

యూరిక్ ఆమ్లమును చెఱువులోని నీటితో పోల్చవచ్చును. దానిలో సుమారు మూడింట రెండు వంతులు శరీరములోని కణముల నుండియే ఊరును. మిగిలిన వంతు మాత్రమే ఆహారపు కాలువ ద్వారా వచ్చును. బయటకు పోవు దారిలో ముఖ్యమైన తూము మూత్రపిండము. గౌటు రోగులలో నూటికి 90 మందికి చిక్కు ఈ తూము ఇరుకగుటలోనే కలదు. ఆ ఇరుకు చాలవఱకు వంశపారంపర్యము. న్యూజీలాండులోని మావోరీ ప్రజలలోను, పసిఫిక్ ద్వీపవాసులలోను గౌటు అధికముగా ఉండుటకు ఇట్టి జన్యు లక్షణములే ముఖ్య కారణముగా తేలినది. యూరపు సంతతికి చెందిన అమెరికనులపై జరిగి 2018లో ప్రకటితమైన పరిశోధనలో, యూరిక్ ఆమ్లపు స్థాయిలో మనిషికి మనిషికి గల భేదమునకు ఏ ఒక్క ఆహార పదార్థమును నూటికి ఒక వంతైన కారణము కాలేదు. జన్యు లక్షణములు సుమారు నాలుగవవంతు కారణమైనవి. ప్యూరీనులు బాగుగా తగ్గించిన పథ్యము వలన రక్తములోని అంకె సాధారణముగా ఒక మిల్లీగ్రాము ప్రాంతమున తగ్గును. ఏడు ఉన్నవానికి అది చాలవచ్చును. తొమ్మిదిన్నర ఉన్నవాడు ఉప్పు పప్పు మాని కృశించినను ఆరునకు దిగడు.

కాబట్టి గౌటు వచ్చినవానిని తిండిపోతుగను, త్రాగుబోతుగను చూచుట తగదు. కార్యాలయములో కుంటుచు నడుచు ఉద్యోగిని చూచి తోటివారు నవ్వుదురు. ఆ నవ్వునకు జంకి అతడు కాలు బెణికినదని చెప్పును. వైద్యుని వద్దకు పోక మందుల దుకాణములో నొప్పి బిళ్లలు కొనును. నెలల తరబడి ఇట్లు వాడిన బిళ్లలు కడుపులో పుండ్లను, మూత్రపిండములకు హానిని కలిగింపగలవు. మూత్రపిండము చెడినచో యూరిక్ ఆమ్లము పోవు తూము మరింత మూతపడును. పరిహాసము ఒక మనుష్యునికి మూత్రపిండముల నష్టము తెచ్చిపెట్టుట వింతగా తోచినను, దారి ఇంత సూటిగనే ఉన్నది.

చికిత్స లేకపోయినచో ఈ దాపరికమునకు కొంత అర్థముండెడిది. చికిత్స కలదు. తీవ్రమైన నొప్పికి కాల్చిసిన్, వాపు తగ్గించు మందులు, స్టీరాయిడ్లు రోగి స్థితిని బట్టి వైద్యులు ఇత్తురు. యూరిక్ ఆమ్లపు ఉత్పత్తినే తగ్గించు అల్లోప్యూరినాల్ 1966 నుండి వాడుకలో ఉన్నది. దానిని రూపొందించిన కృషిలో ప్రముఖులైన గెర్ట్రూడ్ ఇలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమానము పొందిరి. తఱచు దెబ్బలు తగులువారిలోను, గడ్డలు లేచినవారిలోను అంకెను 6 మిల్లీగ్రాములకు లోపుగా నిలుపుట చికిత్స ఉద్దేశము. అట్లు నిలిపినచో పాత స్ఫటికములు క్రమముగా కరగిపోవును. మందు మొదలిడిన మొదటి నెలలలో, స్ఫటికములు కదలుట వలన, నొప్పి ఒకటి రెండుసార్లు తిరిగి రావచ్చును. మందే వ్యాధిని పెంచినదని తలచి ఇంటివారు దానిని మాన్పించుట తఱచు జరుగుచున్నది. వైద్యుని అడుగక అట్లు చేయరాదు. రక్తపోటునకు ఇచ్చు కొన్ని మూత్రకారక మందులును యూరిక్ ఆమ్లమును పెంచును. వాటిని సొంతముగా మానక, వైద్యునికి తెలిపినచో వేఱు మందు ఇయ్యగలడు. 1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము వంటి సదుపాయములు గల కుటుంబములు వీటిని ఉపయోగించుకొనకుండుట పొరపాటు.

అంకె హెచ్చిన ప్రతివారికిని గౌటు రాదు. ఎందఱో జీవితాంతము ఏ బాధయు లేక ఉందురు. అట్టివారికి సాధారణముగా మందు అవసరముండదు. అట్లే ప్రతి కీలునొప్పియు గౌటు కాదు. అరువది దాటిన తల్లికి మోకాళ్లు నొప్పిపెట్టుటకు కారణము ఎక్కువగా కీలు అరుగుదల. ఆమె రక్తములో అంకె కొంచెము హెచ్చినదని పప్పు, పెరుగు మాన్పించినచో మోకాలు బాగుపడదు. కండ మాత్రము క్షీణించును. ఇంటిల్లిపాదికి వండిపెట్టి తుదకు తన వంతు తగ్గించుకొను అలవాటు గల ఆ తల్లికి ఇది అనవసరమైన శిక్ష. మఱొక వైపు, తీవ్ర నొప్పి జరుగుచుండగా చేయు పరీక్షలో అంకె మామూలుగా కూడ ఉండవచ్చును; అందుచేత గౌటు లేదని నిశ్చయింపరాదు. కీలు వాచి, జ్వరము, చలి కూడ ఉన్నచో అది కీలులోని చీము కావచ్చును. ఆ దినమే ఆసుపత్రికి చేర్పవలెను.

ఈ విషయములన్నిటిని వంటింటి భాషలో సంగ్రహముగా చెప్పవచ్చును. అన్నము, రొట్టె మితముగాను, కూరలు, ఆకుకూరలు ధారాళముగాను ఉండవచ్చును. పప్పు ఉండనే ఉండవలెను. మీగడ తీసిన పాలు, పెరుగు, మజ్జిగ ప్రతిదినమును మేలు. గ్రుడ్డు తినువారు తినవచ్చును. మాంసము, చేప వారమునకు ఒకటి రెండు పర్యాయములు చిన్న పరిమాణములో సరిపోవును. కార్జము మొదలగు అవయవములు వద్దు. తీపి పానీయములు ఇంటికి తేకుండుట ఉత్తమము. పండుగనాడు అరిసె, బొబ్బట్టు ఒకటి తినుటకు దోషము లేదు. మద్యము, ముఖ్యముగా బీరు, గౌటు గలవారు విడిచిపెట్టవలెను. నీరు తగినంత త్రాగవలెను. కార్యాలయమునకు పోవువారు నిత్యము నడువవలెను. ఇందులో ఒక్కరికొఱకు ప్రత్యేకముగా వండవలసినది ఏదియు లేదు. గౌటునకు మంచిదైన ఈ భోజనమే మధుమేహమునకు, రక్తపోటునకు, గుండెకు కూడ మేలు చేయును. ఇంటిల్లిపాదియు ఒకే పంక్తిలో కూర్చుండి తినదగినది.

పథ్యము రోగికి భయము కలిగించుటకు కాక బలము కలిగించుటకు ఏర్పడినది. ఏది వదలవలెనో తెలిసినవాడు మిగిలినదానిని నిర్భయముగా భుజింపగలడు. మందు అవసరమైనవాడు సిగ్గుపడక మందు తీసికొనవలెను. పథ్యముతో సరిపోవువాడు శ్రద్ధతో పథ్యము పాటింపవలెను. ఇంటివారు నిందింపక తోడుగా నిలువవలెను. ఆరోగ్యమే మహాభాగ్యమను పెద్దల మాట సంఘ సభ్యుల ప్రతి ఇంటను సార్థకమగుగాక!